పాతిపెట్టడానికి తోడొచ్చిన మనిషి

నెల్లూరు బాప్టిస్టు మిషన్ చరిత్ర రాసినవాళ్ళెవరూ వదలకుండా చెప్పే సంగతి ఒకటుంది. 1862లో లైమన్ జ్యూయెట్ ఆరోగ్యం పూర్తిగా పాడై అమెరికా వెళ్ళాడు. అప్పటికి శామ్యూల్ డే ఈ మిషన్ మొదలుపెట్టి పాతికేళ్ళు దాటింది. నమ్మినవాళ్ళు కొద్దిమందే. 1848లో ఒకసారి, 1853లో ఒకసారి మూసేద్దామనుకుని ఆగారు. పటంలో ఒక్క చుక్కగా మిగిలిన ఈ నెల్లూరుకి 'ఒంటరి నక్షత్రం' అనే పేరు కూడా వచ్చింది. ఈ మూడోసారి జ్యూయెట్ ఒప్పుకోలేదు. మీరు పంపకపోయినా నేనొక్కణ్ణే వెళ్తాను, చస్తే అక్కడే చస్తానన్నాడు. అలాగైతే నిన్ను క్రైస్తవ పద్ధతిలో పాతిపెట్టడానికైనా ఒకణ్ణి తోడు పంపాలి కదా అన్నాడట మిషన్ కార్యదర్శి. అలా తోడొచ్చినవాడే జాన్ క్లౌ. 1865లో నెల్లూరు చేరాడు. జ్యూయెట్ మాత్రం 1897 దాకా బతికాడు!

దీన్ని అందరూ విజయగాథగానే చెబుతారు. నాకు మాత్రం ఆ రోగి దగ్గరే ఆగాలనిపిస్తుంది. బాగవుతాననే హామీ ఆయనకేమీ దొరకలేదు. అంతకుముందు డే కూడా జబ్బుతోనే 1846లో వెళ్ళాడు, తిరిగొచ్చాడు, 1853లో మళ్ళీ జబ్బుతోనే శాశ్వతంగా వెళ్ళిపోయాడు. ఆయనకు నయమవలేదు కాబట్టి విశ్వాసం తక్కువని ఎవరూ అనలేదు.

అయితే మిషనరీల జబ్బులకు ఉత్తరాలున్నాయి, రిపోర్టులున్నాయి. పడమటి తాలూకాల్లో మతం మారిన మాదిగల ఇళ్ళలో జబ్బులకు అవేవీ లేవు. ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట ప్రాంతాలు. వాన పడితేనే పంట. 1876-78 కరువు తర్వాత మిషన్ ఇటువైపు కూడా విస్తరించింది. ఉదయగిరిలో 1885లో, ఆత్మకూరులో 1893లో స్టేషన్లు పెట్టారు. (ఉదయగిరి అంటే మనకు గుర్తొచ్చేది కృష్ణదేవరాయల ముట్టడి, చెక్క చెంచాలు. ఈ చరిత్ర ఎవరికీ గుర్తురాదు.)

ఆ రోజుల్లో కలరా గానీ అమ్మవారు గానీ ఒక ఇంటి జబ్బు కాదు, ఊరంతటి జబ్బు. పోలేరమ్మకు కోపం వచ్చింది కాబట్టి దున్నను బలివ్వాలి, డప్పు కొట్టాలి. ఆ డప్పు మాదిగల వంతు. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ 1916లో దక్షిణాది గ్రామదేవతల మీద వేసిన పుస్తకంలో తెలుగు ఊళ్ళ బలుల గురించి రాశాడు. క్రైస్తవులైన మాదిగలు డప్పు ముట్టమన్నప్పుడు ఊరితో వచ్చిన తగాదాలు క్లౌ ఆత్మకథలో ఉన్నాయి. ఆ తగాదాలో పోయేది పని, కూలి, బావి దగ్గరికి దారి.

ఇక తన ఇంట్లోనే బిడ్డకు వాంతులు మొదలైతే? బయట ఊరు నీవల్లే ఇదంతా అంటుంది. లోపల ముసలమ్మ, ఒక్క కోడినైనా మొక్కుకోండిరా అంటుంది. ఈ కాలపు మనం 'దేవుడు ఎందుకిలా చేశాడు' అని అడుగుతాం. వాళ్ళ ముందున్నది అంతకంటే కరుకైన ప్రశ్న: డప్పు పట్టాలా, వద్దా? విశ్వాసం అంటే మనసులో ఉండే సంగతి కాదు అక్కడ. చేతుల్లో ఉండేది, లేదా చేతుల్లోంచి దించేసినది. రాత్రికి రాత్రి మొక్కు తీర్చుకుని ఆదివారం గుడికొచ్చినవాళ్ళూ ఉండే ఉంటారు. వాళ్ళను తప్పుపట్టే ధైర్యం నాకు లేదు.

తర్వాత మూడో దారి ఒకటి తెరుచుకుంది. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాల్లో ఉదయగిరి మిషన్‌లో స్టెయిట్ బోధకుడు, ఆయన భార్య కారొలైన్ డాక్టరు. ఒకే ఇంట్లో ప్రార్థనా, మందూ. గుంటూరులో లూథరన్ డాక్టరు అన్నా కుగ్లర్ 1883 నుంచే ఈ పని చేస్తోంది. మందు తాగితే దేవుణ్ణి నమ్మనట్టు అని ఈ డాక్టర్లు అనుకోలేదు.

అందుకే ఇవాళ స్వస్థత కూటాల్లో "మీకు విశ్వాసం చాలలేదు" అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. నెల్లూరులోనో వేలూరులోనో స్కాన్ రిపోర్టు పట్టుకుని కూర్చున్న మనిషికి చెప్పాల్సిన మాటేనా అది? ముల్లు తీసెయ్యమని పౌలు మూడుసార్లు అడిగాడు, తీయలేదు. 88వ కీర్తనైతే చీకట్లోనే ముగుస్తుంది, ఓదార్పు మాట ఒక్కటీ లేకుండా. దాన్ని గ్రంథంలోంచి ఎవరూ తీసెయ్యలేదు.

1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ లెక్క ప్రతి మిషన్ చరిత్రలోనూ ఉంటుంది. ఆ తర్వాత బిడ్డను పూడ్చిపెట్టి వచ్చిన వారంలో, మొక్కుకోని చేతులతో ప్రార్థనకు వచ్చి కూర్చున్నవాళ్ళకు ఆ చరిత్రల్లో ఒక్క గడి కూడా లేదు.