రెండు వాక్యాలు పట్టే అట్టముక్క

1968 అక్టోబరులో జర్మనీలోని గార్మిష్ అనే కొండ ఊళ్లో, నాటో పిలుపు మీద కంప్యూటర్ నిపుణులు సమావేశమయ్యారు. అప్పటికి కంప్యూటర్ల వేగం ఏటేటా పెరుగుతోంది. వాటికి రాసే ప్రోగ్రాములు మాత్రం చెప్పిన గడువుకు రావడం లేదు, అనుకున్న ఖర్చులో కావడం లేదు. తీరా చేతికొచ్చాక చూస్తే, వాడేవారికి కావలసింది అందులో ఉండటం లేదు. 'సాఫ్ట్‌వేర్ సంక్షోభం' అన్న మాట అక్కడ గట్టిగా వినిపించింది. ఆ సంక్షోభంలో అన్నిటికంటే మొండి చిక్కు ఒకటుంది: ఎదుటి మనిషికి నిజంగా ఏం కావాలో ప్రోగ్రాము రాసేవారికి తెలిసేదెలా?

మొదట తట్టిన మందు, అన్నీ ముందే రాసి పెట్టుకోవడం. అంతరిక్ష ప్రయోగాల సాఫ్ట్‌వేర్‌లో అనుభవమున్న విన్‌స్టన్ రాయిస్ 1970లో ఒక వ్యాసం రాశారు. అవసరాలు, విశ్లేషణ, డిజైన్, కోడింగ్, పరీక్ష అంటూ మెట్లు మెట్లుగా కిందికి దిగే బొమ్మ అందులో ఉంది. ఇలా ఒకే దఫాలో దిగిపోతే వైఫల్యాన్ని కొనితెచ్చుకున్నట్టేనని ఆయన అక్కడే హెచ్చరించారు. విచిత్రమేమిటంటే బొమ్మ ప్రపంచమంతా తిరిగింది, హెచ్చరికను పట్టించుకున్నవారు తక్కువ.

1981లో సాఫ్ట్‌వేర్ నిపుణుడు బారీ బోయెమ్ మరో నిజం బయటపెట్టారు. అవసరాల్లో దొర్లిన తప్పు ఎంత ఆలస్యంగా బయటపడితే, దాన్ని దిద్దడానికి అంత ఎక్కువ ఖర్చవుతుందని లెక్కలతో చూపారు. అది చదివినవారిలో చాలామంది, అయితే మొదట్లోనే ఇంకా వివరంగా రాయాలని తేల్చుకున్నారు. ఈ అవసరాల పత్రం, అంటే రిక్వైర్‌మెంట్ల పత్రం, ఎలా ఉండాలో చెప్పే ప్రమాణాలు పుట్టాయి. పత్రాలు వందల పేజీలకు పెరిగాయి. అంత చదివే ఓపిక లేని వ్యాపారి సంతకం చేసి పంపేవాడు. ప్రోగ్రామరు తనకు తోచిన అర్థం తీసుకుని కోడ్ రాసేవాడు. స్వీడన్‌లో ఎరిక్సన్ సంస్థలో పనిచేసిన ఇవార్ యాకబ్సన్, వ్యవస్థ ఎలా ఉండాలన్నది పక్కనపెట్టి, మనిషి దానితో ఏం చేస్తాడో రాయమన్నారు. అవే 'యూజ్ కేస్‌'లు. దారి మెరుగైంది కానీ కాగితాల బరువు పూర్తిగా తగ్గలేదు.

అసలు మలుపు వేరే పనిలోంచి వచ్చింది. అమెరికాలోని ఆరెగాన్‌లో, టెక్‌ట్రానిక్స్ సంస్థలో కలిసి పనిచేసిన వార్డ్ కనింగ్‌హామ్, కెంట్ బెక్ అనే ఇద్దరు మిత్రులు ప్రోగ్రాముల డిజైన్ నేర్పడానికి మామూలు అట్టముక్కలు వాడేవారు. ఒక్కో కార్డు మీద ఒక్కో భాగం బాధ్యతలు రాసి, బల్ల మీద పరిచి, వాటిని అటూ ఇటూ కదుపుతూ మాట్లాడుకునేవారు. ఈ పద్ధతి గురించి 1989లో ఒక వ్యాసం కూడా రాశారు. అవే కార్డులు రిక్వైర్‌మెంట్ల చిక్కును విప్పుతాయని అప్పటికి వారికీ తెలియదు.

1996లో క్రైస్లర్ కార్ల కంపెనీ నుంచి బెక్‌కు పిలుపొచ్చింది. సుమారు 87,000 మంది ఉద్యోగుల జీతాలు లెక్కగట్టడానికి 'సీ3' అనే ప్రాజెక్టు అక్కడ నడుస్తోంది. దాని వేగం పెంచే ఉపాయం చెప్పమని ఆయన్ను అడిగారు. వెళ్లి చూస్తే జబ్బు వేగానిది కాదు, పని నడిచే తీరుదే. ఉన్నది పక్కనపెట్టి మళ్లీ మొదలుపెట్టమని సలహా ఇచ్చారు. రాన్ జెఫ్రీస్ శిక్షకుడిగా చేరారు. జీతాల సంగతి తెలిసిన మనిషిని ప్రోగ్రామర్ల మధ్యే కూర్చోబెట్టారు. ఏం కావాలో ఆ మనిషి ఒక కార్డు మీద రెండు వాక్యాల్లో చెబితే చాలు. మిగతాది మాటల్లో తేలుతుంది. దానికే 'యూజర్ స్టోరీ' అని పేరొచ్చింది. 1997 మేలో దాదాపు పదివేల మందికి ఆ ప్రోగ్రాము జీతాలు లెక్కగట్టింది.

1998లో అక్కడికి వెళ్లిన మరో సాఫ్ట్‌వేర్ నిపుణుడు అలిస్టర్ కాక్‌బర్న్ కార్డు గుట్టు పట్టేశారు. అది అవసరాన్ని పూర్తిగా చెప్పే పత్రం కాదు, తర్వాత కూర్చుని మాట్లాడుకుందామని ఇచ్చే మాట అని తేల్చారు. చోటు తక్కువ కావడమే కార్డు బలం. అందులో పట్టనిదంతా అడిగి తెలుసుకోక తప్పదు.

అయితే విజయం వెంటనే దక్కలేదు. అన్ని ప్రశ్నలకూ ఒక్కరే జవాబు చెప్పాల్సి రావడంతో, సీ3లో ప్రోగ్రామర్ల మధ్య కూర్చున్న వ్యక్తి ఒత్తిడికి అలిసి తప్పుకున్నారు. 2000 ఫిబ్రవరిలో ప్రాజెక్టే ఆగిపోయింది. మిగతాచోట్ల కార్డులు మోజుగా రాశారు కానీ, కొన్ని మరీ పొడిగా ఉండేవి. ఏం చేయాలో ఉండేది, ఎవరికోసమో, ఎందుకో ఉండేది కాదు.

2001లో లండన్‌లోని కనెక్స్‌ట్రా అనే చిన్న సంస్థలో ఆ లోటు పూడ్చే మూస తయారైంది: ఫలానా వాడుకరిగా, ఫలానా పని చేయగలగాలి, దానివల్ల ఫలానా మేలు కలగాలి. చివరి ముక్క చిన్నదే గానీ, మేలేమిటో చెప్పలేని కోరిక అక్కడే బయటపడిపోతుంది. అదే ఏడాది జెఫ్రీస్ యూజర్ స్టోరీకి మూడు అంగాలు చెప్పారు: కార్డు, సంభాషణ, నిర్ధారణ. 2003లో బిల్ వేక్ అనే మరో నిపుణుడు మంచి కథకు, అంటే యూజర్ స్టోరీకి, ఆరు లక్షణాలు పేర్చారు. కథ దేనికదే విడిగా ఉండాలి, బేరానికి లొంగాలి, విలువ ఇవ్వాలి, అంచనాకు అందాలి, చిన్నదై ఉండాలి, పరీక్షకు నిలవాలి.

అడిగింది చేతికొచ్చిందో లేదో నిర్ధారించడం ఎలాగన్న చిక్కుకు జవాబు దాదాపు యాదృచ్ఛికంగా దొరికింది. లండన్‌లో డాన్ నార్త్ ప్రోగ్రామర్లకు పరీక్షలు రాయడం నేర్పుతూ, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక వాళ్లు తడబడటం చూశారు. ప్రోగ్రాము ఎలా ప్రవర్తించాలో చెప్పే వాక్యాలుగా పరీక్షలను రాయించారు. 2004 చివర్లో ఈ సంగతి చెబుతుంటే, విశ్లేషకుడు క్రిస్ మాట్స్ ఇది అచ్చం తమ రిక్వైర్‌మెంట్ల పనిలాగే ఉందన్నారు. ఇద్దరూ కలిసి మూడు మెట్ల వాక్యం అల్లారు: ఈ స్థితి ఉంటే, ఈ పని జరిగినప్పుడు, ఈ ఫలితం రావాలి. ఖాతాలో డబ్బుంటే, బ్యాంకు కార్డు చెల్లితే, యంత్రంలో నోట్లుంటే, ఖాతాదారు అడిగినప్పుడు ఏటీఎం డబ్బివ్వాలి. మరి యంత్రంలో నోట్లు లేకపోతే? ఉదాహరణ రాసుకుంటేనే ఆ ప్రశ్న పుడుతుంది. కొన్నేళ్లకు ఇలాంటి వాక్యాలనే పరీక్షలుగా నడిపే కుకుంబర్ వంటి పరికరాలు వచ్చాయి.

ఈ పద్ధతులు ఇప్పుడు హైదరాబాద్ మాదాపూర్ ఆఫీసుల్లో రోజువారీ పని. కార్డు తెర మీదికెక్కింది, మూస ఖాళీలు క్షణంలో నిండిపోతాయి. సంభాషణ మాత్రం ఏ పరికరంలోనూ దానంతటది పుట్టదు. వేరే దేశంలో ఉన్న కస్టమరును ఆపి, 'ఒక్క ఉదాహరణ చెప్పండి' అని అడగడానికి ప్రోగ్రామరుకు చనువుండాలి. విసుక్కోకుండా జవాబివ్వడానికి కస్టమరుకు ఓపికుండాలి. ఆ రెండూ లేనిచోట అట్టముక్క మళ్లీ పాత పత్రమే అవుతుంది, కాకపోతే పొట్టి పత్రం.