ఫాస్ఫో-ఎర్క్ ప్రతిరక్షకం

ఫాస్ఫో-ఎర్క్ ప్రతిరక్షకం (యాంటీబాడీ) అనేది జీవకణాలలో సంకేతాలను చేరవేసే 'ఎర్క్' అనే ప్రోటీను చైతన్య స్థితిని గుర్తించడానికి ప్రయోగశాలలలో వాడే సాధనం. ఇది రోగులకు ఇచ్చే మందు కాదు. తపాలా పెట్టెలోని ఉత్తరాలలో ముద్ర పడినవాటిని మాత్రమే ఏరినట్లుగా, కణంలోని ఎర్క్ అణువులలో ఫాస్ఫేటు చేరినవాటికి మాత్రమే ఇది అంటుకుంటుంది.

నేపథ్యం

వృద్ధి కారకాలు కణం ఉపరితలంపై ఉన్న గ్రాహకాలను చేరగానే ఆ సంకేతం రాస్, రాఫ్, మెక్, ఎర్క్ అనే ప్రోటీన్ల వరుస ద్వారా కేంద్రకానికి అందుతుంది. మెక్ అనే ఎంజైము ఎర్క్‌లోని ఒక థ్రియోనిన్‌కు, ఒక టైరోసిన్‌కు ఫాస్ఫేటును చేరుస్తుంది. మానవ ఎర్క్-1లో ఇవి 202, 204 స్థానాలు. ఎర్క్-2లో 185, 187 స్థానాలు. రెండింటికీ ఫాస్ఫేటు చేరినప్పుడే ఎర్క్ పూర్తి చైతన్యం పొందుతుంది.

ఈ ఫాస్ఫేటు ఏటీపీ నుండి వస్తుంది. 1929లో సైరస్ ఫిస్కేతో కలిసి ఏటీపీని కనుగొన్న యల్లాప్రగడ సుబ్బారావు భీమవరంలో జన్మించాడు. రాస్ జన్యువులో ఒకే ఒక్క మార్పు వల్ల కణం క్యాన్సరు లక్షణాలు పొందగలదని 1982లో నిరూపించిన బృందాలలో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందిన ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి పనిచేసిన బృందం ఒకటి.

తయారీ

ఫాస్ఫేటు కలిగిన చిన్న పెప్టైడును కృత్రిమంగా తయారుచేసి, ఒక పెద్ద వాహక ప్రోటీనుకు జతచేసి కుందేలుకు గాని ఎలుకకు గాని ఎక్కిస్తారు. జంతువు రక్తంలో ఏర్పడిన ప్రతిరక్షకాలలో ఫాస్ఫేటు లేని పెప్టైడుకు కూడా అంటుకునేవాటిని వడగట్టి తొలగిస్తారు. ఒకే కణ వంశం నుండి ఒకే రకం ప్రతిరక్షకాన్ని పొందే పద్ధతిని 1975లో కోహ్లర్, మిల్‌స్టీన్ ప్రకటించారు. ఇందుకు వారికి 1984లో నోబెల్ బహుమతి లభించింది.

వాడే విధానం

ఎక్కువగా వెస్టర్న్ బ్లాట్ పద్ధతిలో దీనిని వాడతారు. కణాల సారంలోని ప్రోటీన్లను విద్యుత్తు సాయంతో జెల్‌లో పరిమాణం ప్రకారం వేరుచేసి, ఒక పల్చని పొరపైకి బదిలీ చేస్తారు. ఆ పొరను ప్రతిరక్షకం కలిపిన ద్రావణంలో సాధారణంగా రాత్రంతా 4 డిగ్రీల చలిలో ఉంచుతారు. తరువాత కాంతినిచ్చే ఎంజైము జతచేసిన రెండవ ప్రతిరక్షకాన్ని కలుపుతారు. ఫలితంగా 44, 42 కిలోడాల్టన్ల వద్ద రెండు గీతలు కనిపిస్తాయి. మొదటిది ఎర్క్-1, రెండవది ఎర్క్-2.

జాగ్రత్తలు

* కణాలను పగలగొట్టగానే ఫాస్ఫటేజ్ ఎంజైములు ఫాస్ఫేటును తొలగించడం మొదలుపెడతాయి. అందువల్ల నమూనాను మంచుపై ఉంచి, సోడియం ఆర్థోవనడేట్ వంటి నిరోధకాలను కలపాలి.
* పొరపై ఖాళీలను నింపడానికి పాలపొడికి బదులు ఆల్బుమిన్ వాడటం పరిపాటి. పాలలోని కేసిన్ కూడా ఫాస్ఫేటు కలిగిన ప్రోటీనే.
* మొత్తం ఎర్క్‌ను గుర్తించే మరొక ప్రతిరక్షకంతో కూడా పరీక్షించాలి. లేకుంటే గీత చిక్కబడటానికి కారణం ఫాస్ఫేటు పెరగడమా, ప్రోటీనే పెరగడమా అన్నది తేలదు.
* ఫాస్ఫటేజ్‌తో శుద్ధిచేసిన నమూనాలో గీత మాయం కావాలి. మాయం కాకపోతే ఆ ప్రతిరక్షకాన్ని నమ్మరాదు.

ప్రాముఖ్యత

మెలనోమా అనే చర్మ క్యాన్సరు రోగులలో సుమారు సగం మందికి బీ-రాఫ్ జన్యువులో మార్పు ఉంటుంది. వీరి కోసం రాఫ్‌ను అడ్డుకునే వెమురాఫెనిబ్‌కు 2011లో, మెక్‌ను అడ్డుకునే ట్రామెటినిబ్‌కు 2013లో అమెరికాలో అనుమతి లభించింది. మందు లక్ష్యాన్ని చేరిందా, కొంతకాలానికి కణితి దానికి లొంగకుండా పోయి సంకేతం మళ్ళీ మొదలయిందా అన్నది పరిశోధకులు ఫాస్ఫో-ఎర్క్ గీతను బట్టి తెలుసుకుంటారు.

కనుక ప్రతిరక్షకం సరైనది కాకపోతే దానిపై ఆధారపడిన నిర్ధారణలన్నీ తప్పుతాయి. పరిశోధనలో వాడే ప్రతిరక్షకాలకు కచ్చితమైన ప్రమాణాలు ఉండాలని కోరుతూ 2015లో నేచర్ పత్రికలో వెలువడిన వ్యాసాన్ని వందమందికి పైగా శాస్త్రవేత్తలు బలపరిచారు.

ఇవి కూడా చూడండి

* యల్లాప్రగడ సుబ్బారావు
* ప్రోటీన్లు
* కణం