ఎనుము ఖరీదు సంచి, ఎవరిదీ కాని కేతిగాడు

నాకు తెలిసిన మొదటి బ్రాండెడ్ హ్యాండ్‌బ్యాగు మా జేజిది. ప్రొద్దుటూరులో పెళ్ళిబట్టలు తీసినప్పుడు అంగడాయన ఊరికే ఇచ్చిన గుడ్డసంచి అది. ఒక పక్క అంగడి పేరు, ఇంకో పక్క లక్ష్మీదేవి బొమ్మ. బంగారానికీ, బట్టలకీ ప్రొద్దుటూరుకున్న పేరు మీకు తెలిసిందే, రెండో బొంబాయి అంటారు మావైపు. మా పెండ్లిమర్రిలో ఆ సంచి చంకన పెట్టుకుని బస్సు దిగితే చాలు, బట్టలు ఎక్కడ తీశారో ఎవరూ అడగక్కర్లేదు. అందుకే జేజి దాన్ని కూరగాయలకు వాడనిచ్చేది కాదు. పెళ్ళిళ్ళకీ, పొలతల తిరునాళ్ళకీ మాత్రమే బయటికి తీసేది.

ఆ సంచి నాకు మళ్ళీ గుర్తొచ్చింది 2020 జనవరిలో, సింగపూర్లో. ఆఫీసు పనిమీద పోయి ఉన్నాను. చైనా వాళ్ళ కొత్త సంవత్సరం దగ్గర పడింది, ఈసారి వచ్చేది ఎలుక సంవత్సరం. చైనీసు భాషలో ఎలుకకీ, చిట్టెలుకకీ ఒకటే మాటట. అందుకని గూచీ కంపెనీ డిస్నీతో ఒప్పందం చేసుకుని మిక్కీమౌస్ బొమ్మతో సంచులూ, చొక్కాలూ, బూట్లూ దించింది. వినాయకుడి వాహనం పరిస్థితి ఎలా ఉందో చూద్దామని నేనూ, మా ఆవిడా లోపలికి పోయాం.

షోరూములో మాట్లాడాలంటేనే భయమేసింది. గుళ్ళో కూడా అంత నిశ్శబ్దం ఉండదు! గ్లౌజులు వేసుకున్న అబ్బాయి ఒక సంచిని చంటిబిడ్డను ఎత్తినట్టు ఎత్తి మా ముందర పెట్టాడు. గోధుమరంగు మీద జంట 'జీ' అక్షరాల అల్లిక, దాని మీద చేతులు చాపి నవ్వుతున్న మిక్కీ. ఏం తోలు అని అడిగా. తోలు అంచులకూ, పట్టీకీ మాత్రమేనట. మిగతాదంతా పైన పూత పూసిన గుడ్డ. ధర చూసి మనసులోనే రూపాయల్లోకి మార్చుకున్నా. మా ఊర్లో మంచి పాడి ఎనుము వస్తాది ఆ డబ్బుకి, దూడతో సహా.

బయటికొచ్చాక మా ఆవిడ ఒకటే ప్రశ్న వేసింది: "ఆ డబ్బంతా దేనికి? సంచికా, బొమ్మకా?"

నిజానికి ఇది చరిత్ర ప్రశ్న. రెండు వైపులా చూడాలి.

ముందు సంచి వైపు. గూచియో గూచీ 1921లో ఫ్లోరెన్సులో అంగడి పెట్టాడు. తోలు పెట్టెలు, సంచులు అమ్మేవాడు. 1930ల మధ్యలో ఇటలీ ఇథియోపియా మీద యుద్ధానికి పోయింది, నానాజాతి సమితి ఆంక్షలు పెట్టింది, తోలుకి కరువొచ్చింది. అప్పుడు జనపనార గుడ్డ మీద వజ్రాల గళ్ళ నమూనా వేసి సంచులు కుట్టారు. ఆ తర్వాత వచ్చింది జంట 'జీ', అంటే గూచియో గూచీ పేరులోని పొడి అక్షరాలు. తోలు దొరక్క మొదలైన గుడ్డ చివరికి తోలుకంటే గొప్పదై కూర్చుంది. ఎందుకంటే దూరం నుంచి చూసినా ఎవరి సంచో తెలుస్తుంది. మా జేజి లెక్క కూడా అదే కదా!

ఇప్పుడు బొమ్మ వైపు. మిక్కీ కంటే ముందు వాల్ట్ డిస్నీ దగ్గర ఆస్వాల్డ్ అనే కుందేలు ఉండేది. బాగా ఆడింది. కానీ 1928లో తేలిందేంటంటే దాని హక్కులు డిస్నీవి కావు, యూనివర్సల్ కంపెనీవి. కుందేలూ పోయింది, బొమ్మలు గీసేవాళ్ళలో చాలామందీ పోయారు. ఆ దెబ్బ తిన్నాకే మిక్కీ పుట్టింది. ఈసారి హక్కు చేజారకుండా పట్టుకున్నాడు. మిక్కీ రూపం తీర్చి గీసింది మాత్రం అబ్ ఐవర్క్స్ అనే చిత్రకారుడు. ఆయన పేరు మనలో ఎంతమంది విన్నాం? అంటే అక్కడ కూడా గీసిన చేయి వేరు, హక్కున్న చేయి వేరు. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పని పడుతుంది.

1929లో ఒకాయన పిల్లలు రాసుకునే పలకల్లాంటి పుస్తకాల మీద మిక్కీ బొమ్మ వేసుకుంటానని 300 డాలర్లు ఇచ్చాడని చెప్తారు. బొమ్మని సినిమా నుంచి విడదీసి అద్దెకివ్వడం అట్లా మొదలైంది. 1932లో కే కేమెన్ అనే వ్యాపారి ఆ పని చేతిలోకి తీసుకున్నాడు. 1933లో ఇంగర్‌సోల్ కంపెనీ మిక్కీ చేతి గడియారం దించింది. అమెరికాలో గడ్డు మాంద్యం రోజులు అవి. అయినా జనం ఎగబడి కొన్నారు. అప్పట్నుంచి బొమ్మ అంటే కథ కాదు, ఆస్తి. 1998లో అమెరికా కాపీరైటు గడువుని ఇంకో 20 ఏళ్ళు పెంచినప్పుడు ఆ చట్టానికి 'మిక్కీమౌస్ చట్టం' అని జనం ఎగతాళి పేరు పెట్టారు. చివరికి 2024 జనవరి 1న 'స్టీమ్‌బోట్ విల్లీ'లోని ఆ మొదటి మిక్కీ అక్కడ ప్రజల సొత్తయింది. నేను చూసిన సంచి 2020 నాటిది కాబట్టి దాని మీది నవ్వుకి డిస్నీకి కట్టాల్సిందే.

గూచీ ఒక్కటే కాదు. 2003లో లూయీ విటాన్ వాళ్ళు జపాను చిత్రకారుడు తకాషీ మురకామి చేత రంగురంగుల అక్షరాల సంచులు చేయించారు. 2021 జనవరిలో స్పెయిన్ కంపెనీ లోవే తోలు సంచుల మీద టొటోరో బొమ్మ వేసింది. అదే ఏడు గూచీ వాళ్ళు డోరేమాన్‌ని తెచ్చారు. పాత సంచికి చిన్నప్పటి బొమ్మ తోడైతే పెద్దవాళ్ళు కూడా పిల్లలై పర్సు తీస్తారు. అదన్నమాట కిటుకు.

ఇక్కడే నాకు ఇంకో సంగతి తట్టింది. తోలు మీద నవ్వించే బొమ్మ వేయడం మనకేం కొత్త? తోలుబొమ్మలాట అంటే అదే కదా!

13వ శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలోనే ఈ ఆట ప్రస్తావన తెచ్చాడు. మేకతోలును శుభ్రం చేసి, వెలుగు అవతలికి కనిపించేంత పల్చగా గీకి, బొమ్మ గీసి, రెండు వైపులా రంగులు వేసి, ఉలితో సన్నసన్న రంధ్రాలు కొడతారు. తెర వెనక దీపం పెడితే ఆ రంధ్రాలే నగలై మెరుస్తాయి. రాముడూ రావణుడూ యుద్ధం చేస్తూ చేస్తూ ఉంటే మధ్యలో జుట్టుపోలిగాడూ, బంగారక్కా మొగుడూపెళ్ళాల గొడవతో వస్తారు, కేతిగాడు అందులో దూరతాడు. మన కార్టూన్లు వీళ్ళే. చిన్నప్పుడు ఒక కరువు ఏడాది మా ఊర్లో వానల కోసమని విరాటపర్వం ఆడించారు. జేజి ఒళ్ళో కూర్చుని చూశా. కీచకవధ గుర్తులేదు. కేతిగాడి మాటలకి జేజి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వడం మాత్రం గుర్తుంది.

సినిమాలూ, తర్వాత టీవీ వచ్చి ఆ తెరని చించేశాయి. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో (2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా) ఆ కుటుంబాలు అదే తోలు మీద, అదే ఉలితో దీపాల తొడుగులూ, గోడకు తగిలించే బొమ్మలూ చేయడం మొదలుపెట్టారు. ఆంధ్ర తోలుబొమ్మలకు 2008లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. అవును, అదే జనవరిలో, నేను సింగపూర్లో మిక్కీని చూస్తున్న నెలలోనే.

కాకపోతే ఒక తేడా ఉంది. భౌగోళిక గుర్తింపు ఆ పేరునీ, పనితనాన్నీ కాపాడుతుంది. కేతిగాడి బొమ్మ వేసుకున్నందుకు ఎవరూ ఎవరికీ పైసా కట్టక్కర్లేదు. కేతిగాడికి ఓనర్ లేడు. ఈ రెండు దారుల తేడా తెలియాలంటే భీముణ్ణి చూడండి. తోలుబొమ్మ భీముడు అందరివాడు. హైదరాబాదులో రాజీవ్ చిలక గారి గ్రీన్ గోల్డ్ సంస్థ 2008లో టీవీకెక్కించిన ఛోటా భీమ్ మాత్రం ఆ సంస్థ సొత్తు, బడిసంచి మీద వేయాలంటే అనుమతి కావాలి. తప్పేం లేదు, ఆ బొమ్మను పుట్టించింది వాళ్ళే.

మరి కేతిగాడికీ ఓనర్ ఉండి ఉంటే ఆ కుటుంబాలు బాగుపడేవా? కొందరు అలానే అంటారు. నేను ఒప్పుకోను. ఓనర్ ఉండి ఉంటే ప్రతి ఊర్లో ప్రతి ఆటగాడూ వాడి నోట్లో కొత్త మాట పెట్టడానికి ఎవరి అనుమతో అడగాల్సి వచ్చేది, వాడు ఇన్ని వందల ఏళ్ళు బతికేవాడే కాదు. పైగా అబ్ ఐవర్క్స్ సంగతి చూశాం కదా, హక్కు వచ్చినా అది గీసిన చేతికే వస్తుందన్న నమ్మకం లేదు.

బొమ్మ ఉచితం అయినప్పుడు మనం డబ్బిచ్చేది ఇక ఒక్కదానికే: చేతికి. తోలు గీకిన చేయి, ఉలి పట్టిన చేయి. సరిగ్గా అక్కడే మనం బేరం ఆడతాం. మనం అని ఎందుకు, నేనే. 2018లో బెంగుళూరులో ఒక హస్తకళల ప్రదర్శనలో ఒక పెద్దాయన దగ్గర కేతిగాడి బొమ్మ చూశాను. పదిహేను వందలు చెప్పాడు. తొమ్మిది వందలకి దించి, గెలిచినట్టు ఇంటికి తెచ్చుకున్నాను. సింగపూర్లో పూత పూసిన గుడ్డ ముందర చేతులు కట్టుకుని నిలబడ్డవాణ్ణి, అక్కడ ఒక్క డాలరు తగ్గించమని అడగడానికి నోరు రాలేదు.

మా ఆవిడ ప్రశ్నకి నా జవాబు ఇది: ఆ డబ్బులో ఎక్కువ భాగం సంచికీ కాదు, గీసిన చేతికీ కాదు, పేరుకి. ఇష్టమైతే కొనుక్కోండి, నేను కాదనను. కానీ ఈసారి తోలుబొమ్మల అంగడి ముందర నిలబడితే చెప్పిన ధర ఇచ్చేయండి. కేతిగాడు మా హాల్లో గోడమీద ఉన్నాడు. సాయంత్రం వెనక లైటు వేస్తే మా పాప వాడి బొజ్జ చూసి నవ్వుతుంది. ఆ పెద్దాయన పేరైనా అడగలేదు నేను. ఆరువందలు బాకీ అట్లానే ఉండిపోయింది.