బీపీ మిషన్

ధమనుల గోడల మీద రక్తం కలిగించే ఒత్తిడిని కొలిచే పరికరం బీపీ మిషన్. పుస్తకాల్లో దీన్ని రక్తపోటు మాపకం అంటారు. దండచేతికి చుట్టే పట్టీ, దానిలోకి గాలి కొట్టే రబ్బరు బుడ్డి, గాలిని వదిలే మర, ఒత్తిడి చూపే పాదరసపు గొట్టం లేదా డయలు దీని ముఖ్య భాగాలు. కొలత పాదరసపు మిల్లీమీటర్లలో ఉంటుంది. పాదరసం నీటికన్నా 13.6 రెట్లు సాంద్రమైనది కాబట్టి 300 మి.మీ. గొట్టం సరిపోయింది. అదే నీటితో కొలవాలంటే నాలుగు మీటర్ల పైచిలుకు గొట్టం కావాలి. ఇంగ్లండు మతాచార్యుడు స్టీఫెన్ హేల్స్‌కు ఈ ఇబ్బంది నేరుగానే ఎదురైంది. గుర్రం ధమనిలోకి గొట్టం దూర్చి చూస్తే నెత్తురు ఎనిమిది అడుగులు దాటి ఎగబాకిందని 1733లో ప్రకటించాడు.

ధమనిని కొయ్యకుండా కొలిచే పట్టీని 1896లో ఇటలీ వైద్యుడు షిపియోనే రివా-రోచ్చి రూపొందించాడు. మణికట్టు దగ్గర నాడి ఆగిపోయే అంకెను చూసేవారు కాబట్టి పై ఒత్తిడి మాత్రమే తెలిసేది. కింది అంకె 1905లో దొరికింది. రష్యన్ శస్త్రవైద్యుడు నికొలాయ్ కొరొత్కోవ్ మోచేతి మడతలో ధమని మీద స్టెతస్కోపు పెట్టి విన్నాడు. ఆయన నివేదిక ఒక పేజీ కూడా నిండదు. నేటికీ వైద్య విద్యార్థులు నేర్చుకునేది ఆ పద్ధతే.

నాడి అందకుండా పోయిన అంకెకు మరో 30 మి.మీ. పైదాకా గాలి కొట్టి, సెకనుకు 2, 3 మి.మీ. చొప్పున వదులుతారు. ముందు అంతా నిశ్శబ్దం. ఒకచోట సన్నగా టక్ మంటుంది. అది పై అంకె. చప్పుడు పెరిగి, మెత్తబడి, చివరికి మాయమైన చోటు కింది అంకె. నొక్కుకుపోయిన ధమనిలోంచి రక్తం ఉరుకుతూ సుడులు తిరగడం వల్ల వచ్చే చప్పుడది. ధమని పూర్తిగా తెరుచుకుంటే ప్రవాహం సాఫీ అయి చప్పుడు ఆగుతుంది. గాలి గబగబా వదిలేస్తే రెండు అంకెలూ తప్పుతాయి. రద్దీ ఓపీల్లో ఎక్కువగా జరిగేది ఇదే.

పట్టీ కొలత మీద అంతగా ఎవరూ దృష్టి పెట్టరు. లోపలి గాలితిత్తి చేతి చుట్టుకొలతలో 80 శాతం చుట్టిరావాలి. లావు చేతికి చిన్న పట్టీ చుడితే లేని బీపీ కనబడుతుంది. చెయ్యి గుండె మట్టానికి పది సెంటీమీటర్లు కిందుంటే 7, 8 మి.మీ. ఎక్కువ చూపిస్తుంది. మెట్లెక్కి ఆయాసంతో వచ్చిన మనిషిని ఐదు నిమిషాలైనా కూర్చోబెట్టకుండా, మాట్లాడిస్తూ చూసిన అంకెను నమ్మి మందు రాయకూడదు.

పాదరసం విషపదార్థం కావడంతో 2013 నాటి మినమాటా ఒప్పందం ఈ రకం మిషన్ల తయారీని నిలిపివేయాలని నిర్దేశించింది. భారత్ 2018లో ఒప్పందాన్ని ధ్రువీకరించింది. డయలు రకం తేలికైనదే గాని, కిందపడితే ముల్లు సున్నా దగ్గర నిలవదు, అప్పుడప్పుడు సరిచూసుకోవాలి. ఇళ్లలో వాడే డిజిటల్ మిషన్ చప్పుడు వినదు, పట్టీలోని గాలి కంపనాల నుంచి లెక్క కడుతుంది. గుండె లయ తప్పినవారిలో ఆ లెక్క తడబడవచ్చు. వారికి స్టెతస్కోపుతో రెండు మూడుసార్లు చూసి సగటు తీస్తారు.