అమెరికాలో విశ్రాంత జీవితం... అమ్మకూ వేరు దరఖాస్తే

అమలాపురం: ఉద్యోగ విరమణ చేసిన తల్లిదండ్రులను శాశ్వతంగా తమ వద్దకు తీసుకువెళ్లాలనుకునే ప్రవాసాంధ్రుల కుటుంబాల్లో ఒక అపోహ బలంగా నాటుకుపోయింది. నాన్నకు గ్రీన్‌కార్డు వస్తే, ఆయన భార్యగా అమ్మకు ‘డిపెండెంటు’ వీసా దానంతట అదే వస్తుందన్నదే ఆ అపోహ. అమెరికా వలస చట్టంలో పిల్లలు తల్లిదండ్రులను పిలిపించుకునే విభాగానికి అటువంటి వెసులుబాటు లేదు. పౌరసత్వం పొందిన కుమారుడు గానీ, కుమార్తె గానీ తండ్రి కోసం ఒక పిటిషను, తల్లి కోసం మరొక పిటిషను విడివిడిగా దాఖలు చేయాల్సిందే. ఒక్కటే దాఖలు చేస్తే ఒక్కరికే వీసా వస్తుంది.

కోనసీమలో ఈ విలేకరికి తెలిసిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుని ఇంట ఇదే జరిగింది. కుమారుడు తండ్రి పేరిట మాత్రమే పిటిషను వేశాడు. ఏడాదిన్నర తరువాత ముంబయిలో ఇంటర్వ్యూకు రమ్మని కబురు వచ్చింది. అందులో తల్లి పేరు లేదు. ఆరా తీస్తే ఆమెకు అసలు కేసే లేదని తేలింది. చేతికి వచ్చిన వీసాకు గడువు ఉంటుంది కనుక ఆయన ఒక్కరే వెళ్లి, కొన్ని వారాలుండి తిరిగి వచ్చారు. ఆమెకు సంతకం తప్ప చదువు రాదు. బ్యాంకు పని మొదలుకొని మందుల చీటీ వరకు అన్నీ ఆయనే చూసుకునేవారు. ఆమె పేరిట కొత్తగా వేసిన పిటిషను కొలిక్కి రావడానికి మరో పద్నాలుగు నెలలు పట్టింది. అంతకాలం ఆయన కార్డు నిలుపుకోవడానికి అక్కడికీ, ఇంటి కోసం ఇక్కడికీ తిరుగుతూనే ఉన్నారు. కుమారుడు ఇంజినీరే, తెలివితక్కువవాడు కాదు. తెలిసినవారు చెప్పిన మాటను నమ్మాడు.

అపోహకు మూలం

ఈ పొరపాటుకు కారణం లేకపోలేదు. ‘డిపెండెంటు’ అన్న మాట మన పల్లెలకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలతో వచ్చింది. హెచ్1బీ మీద వెళ్లిన అబ్బాయి భార్యకు హెచ్4 వీసా ఆయన ఉద్యోగంతో ముడిపడి వస్తుంది. తోబుట్టువుల పిటిషను విషయంలోనూ అంతే. అమెరికా పౌరురాలైన అక్క తమ్ముడికి పిటిషను పెడితే, ఆ ఒక్క కాగితం మీదే తమ్ముడి భార్య, 21 ఏళ్లలోపు అవివాహిత పిల్లలు కూడా వెళ్లవచ్చు. భర్తతోనే వెళ్లనవసరం లేదు. ఆయన అక్కడ స్థిరపడ్డాక వెనుకగా వెళ్లినా చెల్లుతుంది. అయితే ఆయన అమెరికాలో అడుగుపెట్టే నాటికే వివాహమై ఉండాలి. ఈ విభాగంలో భారతీయులు రెండు దశాబ్దాలకు చేరువగా నిరీక్షించవలసి వస్తోంది. 2006 ప్రాంతంలో నలభై అయిదేళ్ల వయసులో పిటిషను పడినవారికి ఇప్పుడు పదవీ విరమణ అయ్యాక పిలుపు వస్తోంది. అటువంటి దంపతులు ఒకే కేసు మీద వెళ్లడాన్ని చూసి, కొడుకు పెట్టే పిటిషను కూడా అంతేననుకోవడం సహజం.

తల్లిదండ్రులు మాత్రం ‘సమీప బంధువులు’ అనే విభాగం కిందికి వస్తారు. దీనికి ఏటా ఇన్ని వీసాలే అన్న పరిమితి లేదు, కనుక వరుసలో నిలబడే పని లేదు. ఆ సౌకర్యం ఇచ్చిన చట్టమే, ఈ విభాగంలో వెంట వచ్చేవారికి హక్కు ఇవ్వలేదు. భార్యకే కాదు, ఇంట్లో పెళ్లికాని చిన్న కుమార్తె ఉన్నా ఆమె తండ్రి వెంట వెళ్లలేదు. ఒక విధంగా ఇందులో మేలూ ఉంది. కేసు నడుస్తుండగా భర్త కాలం చేసినా భార్య పేరిట ఉన్న కేసు చెక్కుచెదరదు.

పిటిషను వేసే సంతానానికి 21 ఏళ్లు నిండి, అమెరికా పౌరసత్వం ఉండితీరాలి. హెచ్1బీ మీద ఉన్నవారు, గ్రీన్‌కార్డు మాత్రమే ఉన్నవారు తల్లిదండ్రులకు పిటిషను వేయలేరు. హెచ్4 వీసా భార్యకు లేదా భర్తకు, పిల్లలకే గాని తల్లిదండ్రులకు వర్తించదు.

కాగితాల దగ్గరే చిక్కు

పిటిషనుకు వాడే ఐ-130 ఫారంలో తల్లికీ తండ్రికీ అడిగే రుజువులు ఒకటి కావు. తల్లికైతే ఆమె పేరున్న సంతానపు జనన ధ్రువపత్రం చాలు. తండ్రికైతే ఇద్దరి పేర్లూ ఉన్న జనన ధ్రువపత్రంతోపాటు ఆ దంపతుల వివాహ ధ్రువపత్రం కూడా జతచేయాలి. అంటే పెళ్లి పత్రం అవసరమయ్యేది ప్రధానంగా నాన్న కేసుకు. చాలామంది దీన్ని తలకిందులుగా అర్థం చేసుకుంటున్నారు.

నలభై, యాభై ఏళ్ల కిందటి పెళ్లిళ్లకు నమోదు ఎక్కడిది? పందిట్లో పురోహితుడు రాసిన లగ్నపత్రిక ఏ చెదల పాలయ్యిందో! అయినా దిగులు పడనవసరం లేదు. హిందూ వివాహ చట్టం-1955లోని 8వ సెక్షను కింద పాత వివాహాన్ని కూడా సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ఇప్పుడు నమోదు చేయించుకోవచ్చు. పెళ్లి ఫొటో, వయసు, చిరునామా రుజువులు, సాక్షులు ఉండాలి. ధ్రువపత్రంలో వివాహ తేదీ వేరు, నమోదు తేదీ వేరు అన్న సంగతి గమనించి, రెండూ సరిగా పడ్డాయో లేదో అక్కడికక్కడే చూసుకోవాలి.

సంతానపు జనన ధ్రువపత్రం విషయంలో మరో తిరకాసు ఉంది. తొలి కాన్పు పుట్టింట్లో జరగడం మన ఆచారం. కనుక పెద్దకొడుకు పుట్టుక తండ్రి ఊరి రికార్డుల్లో కాక, అమ్మమ్మ గారి ఊరి పంచాయతీలోనో, పురపాలక సంఘంలోనో ఉంటుంది. తండ్రి ఊళ్లో వెతికి లేదని నిరాశ పడినవారు ఎందరో. ఉన్నచోట కూడా శిశువు పేరు గడి ఖాళీగా ఉండవచ్చు. పేరు చేర్పించుకునే అవకాశం 1969 నాటి జనన మరణాల నమోదు చట్టంలోనే ఉంది. అసలు నమోదే లేకపోతే, ఏడాది దాటిన ఆలస్య నమోదుకు అధికారి ఉత్తర్వు కావాలి. 2023 సవరణ తరువాత ఈ అధికారం మొదటి తరగతి మేజిస్ట్రేటు నుంచి జిల్లా మేజిస్ట్రేటు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు లేదా జిల్లా మేజిస్ట్రేటు అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు మారింది. రికార్డు లేదన్న ధ్రువపత్రం తీసుకొని, పదో తరగతి సర్టిఫికెట్టు, పుట్టుక ఎరిగిన పెద్దల ప్రమాణ పత్రాలు జతచేయడం రెండో మార్గం. వీసా దశలో తల్లిదండ్రుల సొంత జనన ధ్రువపత్రాలు కూడా అడుగుతారు. బడి గడప తొక్కని తల్లుల విషయంలో ఈ రెండో మార్గమే ఎక్కువగా దిక్కవుతోంది.

అన్నింటికన్నా తలనొప్పి పేర్లది. కొడుకు జనన ధ్రువపత్రంలో అమ్మ పేరు ‘సుబ్బలక్ష్మి’, ఓటరు కార్డులో ‘సుబ్బులు’, పాస్‌పోర్టులో ‘వెంకట సుబ్బలక్ష్మి’ ఉంటుంది. ఒకచోట పుట్టింటి పేరు, మరోచోట అత్తింటి పేరు, ఇంకోచోట ఇంటిపేరే ఉండదు. మనకు ముగ్గురూ ఒక్కరే. అమెరికా అధికారికి ముగ్గురు మనుషులు. పిటిషను వేయడానికి ముందే పాస్‌పోర్టును, వివాహ ధ్రువపత్రాన్ని ఒక దారికి తెచ్చుకొని, మిగిలిన తేడాలకు ప్రమాణ పత్రం సిద్ధం చేసుకోవడం మేలు. ఆధార్‌లో పుట్టినరోజు జనవరి 1గా పడిన పెద్దలు మన ఊళ్లలో కోకొల్లలు. అది పాస్‌పోర్టుతో కలుస్తుందో లేదో కూడా చూసుకోవాలి.

సవతి తల్లి, దత్తత

తండ్రి మళ్లీ పెళ్లి చేసుకున్న కుటుంబాల్లో ‘భార్య’ అన్న బంధం ఒక్కటే చాలదు. ఆ పెళ్లి జరిగే నాటికి కొడుకుకు 18 ఏళ్లు నిండకపోతేనే ఆమె అతనికి చట్టరీత్యా సవతి తల్లి అవుతుంది, అతడు పిటిషను వేయగలుగుతాడు. నిండితే ఆ దారి మూసుకుపోయినట్టే. అప్పుడు తండ్రి ముందుగా వెళ్లి గ్రీన్‌కార్డు పొంది, తానే భార్యకు పిటిషను వేయాలి. అది ఎఫ్2ఏ విభాగం. దానికి ఏటా పరిమితి ఉంది, నిరీక్షణ తప్పదు. ఆయనే పౌరుడైతే ఆ పరిమితి తొలగుతుంది, కాని అందుకు సాధారణంగా అయిదేళ్ల నివాసం కావాలి. అరవై దాటాక పెళ్లి చేసుకొని ఒకరికొకరు తోడైనవారికి ఇది కఠినమైన నిబంధనే. పదహారేళ్లలోపు చట్టప్రకారం దత్తత వెళ్లి, ఆ దత్తత ఆధారంగానే వలస ప్రయోజనం పొందిన బిడ్డ తన కన్న తల్లిదండ్రులకు పిటిషను వేయలేడు.

ఖర్చు, పూచీ

2024 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన పట్టిక ప్రకారం ఐ-130 రుసుము ఆన్‌లైన్‌లో 625 డాలర్లు, కాగితం మీద 675 డాలర్లు. ఇద్దరికీ రెండింతలు. ఆపై తల్లిదండ్రులను పోషించగలనని సంతానం ఐ-864 పూచీపత్రం ఇవ్వాలి. ఆదాయం అక్కడి దారిద్ర్య ప్రమాణానికి 125 శాతానికి తగ్గరాదు. భార్య, ఇద్దరు పిల్లలున్న కుమారుడు అమ్మానాన్నలను కలుపుకొంటే కుటుంబం ఆరుగురు. 2025 ప్రమాణాల ప్రకారం ఆరుగురికి కావలసిన వార్షికాదాయం 53,937 డాలర్లు. చాలకపోతే మరొకరు ఉమ్మడి పూచీదారుగా నిలబడవచ్చు.

పిటిషను ఆమోదం పొందాక డీఎస్-260 దరఖాస్తు, పాస్‌పోర్టు కార్యాలయం ఇచ్చే పోలీసు క్లియరెన్సు, గుర్తింపు పొందిన వైద్యుని పరీక్ష, ముంబయిలో ఇంటర్వ్యూ ఉంటాయి. ఇవన్నీ ఎవరివి వారివే. పిటిషను నడుస్తుండగా మనవడిని చూసి వస్తానని సందర్శక వీసా అడిగితే, స్థిరపడే ఉద్దేశం ఉందన్న కారణంతో నిరాకరించే అవకాశం ఎక్కువ. ప్రసవానికి సాయం వెళ్లాల్సిన అమ్మలు ఈ సంగతి ముందుగా ఆలోచించుకోవాలి.

అన్ని దేశాలూ ఒకే తీరున లేవు. కెనడాలో తల్లిదండ్రుల స్పాన్సర్‌షిప్‌లో దంపతులిద్దరూ ఒకే దరఖాస్తు మీద వెళ్లవచ్చు. కాని 2021 నుంచి 2025 వరకు, 2020లో ఆసక్తి నమోదు చేసినవారినే పిలుస్తూ వచ్చారు. థాయిలాండ్‌లో యాభై ఏళ్లు నిండినవారికి విశ్రాంత వీసా ఉంది. భార్యకు ఆ వయసు లేకపోతే వివాహ ధ్రువపత్రం చూపి ఆధారితురాలిగా వేరే తరగతి వీసా అడగవచ్చు.

వెళ్లాక

అమెరికాలో అడుగుపెట్టాక కూడా ‘ఆయన ద్వారా ఆమెకు’ అన్నది తక్కువే. అక్కడ పనిచేసిన చరిత్ర లేని వృద్ధులు 65 ఏళ్లు నిండి, గ్రీన్‌కార్డుతో అయిదేళ్లు నిరంతరాయంగా నివసిస్తేనే మెడికేర్‌ను డబ్బు కట్టి కొనుక్కోగలరు. 2025లో పార్ట్-ఏ నెలసరి ప్రీమియం 518 డాలర్లు, పార్ట్-బీ 185 డాలర్లు. ఎవరిది వారే కట్టాలి. ఆ అయిదేళ్లూ ప్రైవేటు బీమా తప్పదు. పొలం కౌలు, పింఛను, బ్యాంకు వడ్డీ అక్కడి పన్ను పత్రంలో చూపాలి. ఇక్కడి ఖాతాల మొత్తం ఏడాదిలో ఏ రోజైనా 10,000 డాలర్లు దాటితే వేరుగా తెలియజేయాలి. ఉమ్మడి ఖాతా అయితే ఆ బాధ్యత సాధారణంగా ఇద్దరిదీ. ఏడాదికి మించి ఇక్కడే ఉండాలనుకుంటే, అమెరికాలో ఉండగానే రీ-ఎంట్రీ పర్మిటుకు దరఖాస్తు చేసుకొని బయలుదేరాలి. సాధారణంగా అది రెండేళ్ల వరకు పనిచేస్తుంది.

రెండు పిటిషన్లూ ఒకే రోజు వేసినా కేసు నంబర్లు వేర్వేరుగా వస్తాయి, ఇంటర్వ్యూలు ఒకే రోజు పడతాయన్న హామీ లేదు. కేసులు జాతీయ వీసా కేంద్రానికి చేరగానే రెండు నంబర్లూ రాసి, దంపతులకు ఒకే తేదీ కేటాయించమని కోరవచ్చు. ఆ లేఖ పిటిషను వేసిన కుమారుడో, కుమార్తో రాస్తే సరిపోతుంది.