జిమ్నాస్టిక్స్ విద్యయందు బాలికల వయస్సు



జిమ్నాస్టిక్స్ అనగానే మనలో పెక్కుమందికి పదునాలుగేండ్ల పలుచని బాలిక మనస్సునకు వచ్చును. ఆ విద్య స్వభావమే అట్టిదని తలంతురు. పూర్వచరిత్రను పరిశీలింపగా నాకట్లు తోచలేదు.

ఒలింపిక్ క్రీడలలో ఈ విద్యయందు స్త్రీలకు ప్రవేశము 1928లో ఆమ్‌స్టర్‌డామ్ నగరమున కలిగెను. ఆ యేట రెండవ స్థానమందిన ఇటలీ జట్టులో లూయిజీనా జవోట్టి యను 11 ఏండ్ల బాలిక యుండెను. వ్యాకరణపు మాటలో చెప్పవలెనన్న అది అపవాదమే కాని ఉత్సర్గము కాదు. వ్యక్తిగతమైన పోటీలు మొదలైన 1952లో సర్వప్రథమురాలైన సోవియట్ వనిత మరియా గొరోఖోవ్‌స్కయాకు 30 ఏండ్లు. 1956లో మెల్‌బోర్న్ నగరమున నాలుగు స్వర్ణపతకములు గెలిచిన హంగరీ దేశీయురాలు ఆగ్నెస్ కెలెటీకి 35. ఇక లారిసా లటీనినా 1958లో గర్భవతియై యుండియే ప్రపంచపోటీలలో అయిదు స్వర్ణములు గెలిచెను. మన యిండ్లలోని ముసలమ్మలు విన్నచో ముక్కుపై వ్రేలు వైచుకొందురు.

1976 నాటికి గాలి మాఱెను. రుమేనియా దేశమున ఒనెష్టి యను చిన్న పట్టణము గలదు. అచ్చట బేలా కారొలి, మార్తా కారొలి యను దంపతులు బాలికలకు శిక్షణమిచ్చుచుండిరి. బడి యాటవిడుపు వేళ గెంతుచున్న పిల్లలలో నుండి నాదియా కొమనేచి యను 6 ఏండ్ల బాలికను ఏరుకొనిరని చెప్పుదురు. ఆ బాలిక తన 14వ యేట మాంట్రియల్ నగరమున పదింటికి పది మార్కులు పొందెను. మార్కులు చూపు పలకకు ఆ సంఖ్యను చూపు శక్తి లేక 1.00 అని చూపెను.

ఆ పలకను చూచి లోకములోని శిక్షకులనేకులు ఒక లెక్క వేసికొనిరి: ఆఱవ యేట విత్తి పదునాలుగవ యేట పంట కోయవలెనని. ఇందులకు శరీరశాస్త్రపు టాధారము కొంత గలదు. చిన్న దేహము గాలిలో త్వరగా తిరుగును. యౌవనము రాగా బరువు మాఱి, నేర్చిన తూకము చెడును. పైకి చెప్పని కారణము మఱియొకటి కలదు. చిన్నపిల్ల యెదురు చెప్పదు.

నేనును బాల్యమున అమరము వల్లెవేసినవాడనే. లేతవయస్సున నేర్పుట తప్పని యనను. అయితే శబ్దము తప్పు పలికినచో నాలుక విఱుగదు. ఇచ్చట నడువవలసిన దూలము వెడల్పు 10 సెంటీమీటర్లు, నేలనుండి ఎత్తు 125. ఎదుగు పిల్లల యెముకల కొనలయందు లేతభాగ ముండును. చేతులపై దేహభారము పదేపదే మోపగా మణికట్టు కడ ఆ భాగమునకు దెబ్బ తగులును.

ఎలెనా ముఖినా 1978లో ప్రపంచవిజేత. విఱిగిన కాలు సరిగా కుదురుకొనకమునుపే మిక్కిలి కఠినమైన పిల్లిమొగ్గను సాధన చేయించిరి. 1980 జూలైలో మెడ విఱిగి, 20 ఏండ్లకే కాలుసేతులు చచ్చుబడి, 2006లో మరణించువఱకు అట్లే యుండెను.

కారొలి దంపతులు 1981లో అమెరికాకు వలసపోగా వారి పద్ధతియు వెంటపోయెను. అచ్చటి జట్టు వైద్యుడు లారీ నాసర్ చికిత్స పేర వందలకొలది బాలికలపై అత్యాచారము జరిపెను. ముందే చెప్పుకొన్న బాలికలు గలరు, పెద్దలు నమ్మరైరి. 2018లో 150కి పైగా స్త్రీల గోడు న్యాయస్థానమున వినబడెను. అంతకాలము పట్టుటయే నాకు దుస్సహముగా తోచును.

అంతర్జాతీయ సమాఖ్య పోటీకి కనీసవయస్సును 1981లో 15కును, 1997లో 16కును పెంచెను. ఈ నియమము పోటీకే కాని శిక్షణమునకు గాదు. ఆఱేండ్ల పిల్లను నేటికిని చేర్చుకొందురు. మంచి శాలలలో తొలియేండ్లు పొర్లుట, చేతులపై నిలుచుట, అన్నిటికంటె ముందు దెబ్బ తగులకుండ పడుట నేర్పుదురు. క్రొత్త మొగ్గను మొదట స్పంజి నింపిన గుంటలోనికి వేయింతురు. ఇది నెమ్మదియైన దారి. పతకము ఆలస్యముగా వచ్చును.

ఆలస్యమైన నేమి? పరుగున వచ్చి బల్లపై చేతులూని దూకు వాల్టు పోటీలో మన హైదరాబాదు వనిత బుడ్డా అరుణారెడ్డి 2018లో మెల్‌బోర్న్ ప్రపంచకప్పున కాంస్యము గెలుచునప్పటికి ఆమెకు 22 ఏండ్లు. అమెరికా వనిత సిమోన్ బైల్స్ 2024లో పారిస్ నగరమున సర్వప్రథమురాలైనది 27వ యేట. 1952 తరువాత అంతటి వయస్సున ఆ స్థానమందిన వనిత లేదు. ఉజ్బెకిస్తాన్ దేశీయురాలు ఒక్సానా చుసోవిటినా 1992లో మొదలిడి, 2021లో టోక్యో నగరమున తన యెనిమిదవ ఒలింపిక్ క్రీడలలో, 46వ యేట, ఆ వాల్టునే దూకెను. ఆమె దిగి చేతులెత్తగా అచ్చటివారందఱు లేచి నిలిచి కరతాళధ్వనులు చేసిరి.