శంకుచ్ఛాయ నుండి గుంటూరు వరకు

ప్రత్యక్షదైవమని కొలుచు సూర్యభగవానుని మధ్యాహ్నవేళ నేరుగా చూడజాలము. ఈ సంగతి నెరిగిన మన జ్యోతిర్గణకులు సూర్యుని చూడక ఆయన నీడను చూచిరి. సూర్యసిద్ధాంతమున చెప్పబడిన శంకువు ద్వాదశాంగుళ ప్రమాణము గలది. సమతలమున వృత్తము గీచి, నడుమ శంకువును నిలిపి, పూర్వాహ్ణమున ఛాయాగ్రము వృత్తమును ప్రవేశించు బిందువును, అపరాహ్ణమున వెడలు బిందువును గుర్తించినచో తూర్పు పడమరలు తేలును. ఆలయనిర్మాణమున దిక్సాధనకు ఇదియే ఆధారము. మా టేకుమట్ల కర్కటరేఖకు దక్షిణమున నున్నందున ఏటా రెండు పర్యాయములు మధ్యాహ్నమున శంకువునకు నీడయే ఉండదు. ఆనాడు సైతము గణకుని దృష్టి నేలమీదనే.

గ్రహణకాలమున పళ్ళెములోని పసుపునీటిలో బింబమును చూడవచ్చునా యని భక్తులు అడుగుచుందురు. ఆచారమే గాని, శంకువుతో సమానముగా ఎంచరాదు. నీటిపై నిలువుగా పడిన కాంతిలో నూటికి రెండు పాళ్ళు తిరిగివచ్చును. సూర్యుడు పూర్ణచంద్రుని కంటె సుమారు 4,00,000 రెట్లు ప్రకాశవంతుడు. ఆ రెండు పాళ్ళే 8,000 పూర్ణచంద్రుల కాంతి! కంటిలోని నేత్రపటలము కాలినను నొప్పి తెలియదు. పళ్ళెమును విడిచి, అట్టకు సూదిబెజ్జము చేసి, గోడపై పడిన బింబమును చూచుట మేలు.

నీడతో తృప్తి చెందక తేజస్సునే పరీక్షించిన యంత్రమునకు మన గుంటూరే వేదిక యయ్యెను. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణము. అదే గ్రహణమును వనపర్తిలో చింతామణి రఘునాథాచారి పరిశీలించెను. గుంటూరునకు ఫ్రాన్సు నుండి వచ్చిన జాన్సెన్ వర్ణపటదర్శినిని నిలిపెను. సన్నని చీలికగుండా వచ్చిన వెలుగును పట్టకములు రంగులుగా విడదీయుటయే దాని పని. గ్రహణబింబపు అంచున లేచిన జ్వాలలు అందు ఉజ్జ్వలరేఖలుగా గోచరించెను. ఇంత కాంతిగల రేఖలకు గ్రహణముతో పని యేమని ఆయనకు తోచెను. మరునాడే చీలికను సూర్యుని అంచునకు చేర్చి చూడగా అవి మరల కానవచ్చెను. ఆకాశపు వెలుగు రంగులన్నిటా పరచుకొని పలుచబడును. జ్వాలాకాంతి కొన్ని రేఖలయందే ఘనీభవించి నిలుచును. యంత్రరహస్యము ఇంతే. నాటి నుండి జ్వాలాదర్శనమునకు గ్రహణముకొరకు వేచియుండు అవసరము తొలగెను.

హీలియము గుంటూరులోనే బయటపడెనని మనవారు గర్వముతో చెప్పుదురు. నిజమునకు, ఆ పసుపురేఖ సోడియమునకు చెందదని గట్టిగా తేల్చినవాడు ఆంగ్లేయుడగు లాకియర్. జ్వాలలను గ్రహణము లేకయే చూచు ఉపాయమును ఆయనయు అదే సంవత్సరము అక్టోబరులో స్వతంత్రముగా కనుగొనెను. ఇరువురి లేఖలు పారిస్ అకాడమీకి ఒకే దినమున చేరినవి. ఫ్రాన్సు ప్రభుత్వము ఇరువురి ముఖములతో పతకమును పోయించెను. దాని వెనుకవైపున గ్రీకుల సూర్యదేవుడు రథారూఢుడై యుండును. మన ఆదిత్యునకు ఏడు గుఱ్ఱములు గదా, ఆయనకు నాలుగే.